మిర్చి కారానికి ఒక దారి, ఫ్లోరైడ్‌కు ఇంకో దారి: ప్రోటీన్ ఆకారం చూడాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి?

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తారు. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పీజీ అయిపోయి ప్రాజెక్టు వెతుక్కునేవాళ్లు, పాలమూరు యూనివర్సిటీ నుంచి హైదరాబాద్‌కు పీహెచ్‌డీకి పోయినవాళ్లు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో పనిచేసే పాత క్లాస్‌మేట్లు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, క్రయో ఈఎమ్ చేయించాలి, ఎవరిని అడగాలె?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "ట్యూబులో ఏముంది, సైజెంత, ఎంత మిగిలింది?" సగం మంది అక్కడ నీళ్లు నములుతారు.

వాళ్ల తప్పేం లేదు. 2017లో జాక్ డుబొషే, యోఆకిమ్ ఫ్రాంక్, రిచర్డ్ హెండర్సన్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పటి నుంచి క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (ప్రోటీన్‌ను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో ఫోటోలు తీసే ఈ క్రయో ఈఎమ్) పెళ్లిలో డ్రోన్ కెమెరాలాగా తయారైంది, ఉంటేనే పరువు. కానీ నేను చూసినంతలో పీహెచ్‌డీల్లో ఎక్కువ టైమ్ పోయేది తమకు అక్కరలేని మిషన్ కోసం క్యూలో నిలబడటంలోనే. అందుకే ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఒకచోట రాస్తున్నా.

## ముందు రెండు ప్రోటీన్ల సంగతి

మిర్చి కొరికితే నోరు మండేది నరాల కొనల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ వల్ల. కారంలోని క్యాప్సైసిన్ దానికి అతుక్కోగానే అందులోని దారి తెరుచుకుని, "కాలింది" అని మెదడుకు కబురు పోతుంది. ఇది కొవ్వు పొరలో కూరుకుని ఉండే ప్రోటీన్. పాత పద్ధతిలో ప్రోటీన్‌ను క్రిస్టల్ కట్టించి, దాని మీద ఎక్స్‌రేలు చెదిరే తీరు చూసి ఆకారం లెక్కగడతారు, కానీ ఇలాంటి పొర ప్రోటీన్లు క్రిస్టల్ కట్టడానికి ఒక పట్టాన ఒప్పుకోవు. 2013లో డేవిడ్ జూలియస్, యీఫాన్ చెంగ్ బృందాలు కలిసి క్రిస్టల్ జోలికి పోకుండా క్రయో ఈఎమ్‌తోనే దాన్ని 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర చూపించాయి. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటర్‌లో కోటో వంతు.

ఇక మన నల్గొండ అనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ వైపు వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, ఫ్లోరైడ్‌ను కణం లోపలి నుంచి బయటికి గెంటేసే ప్రోటీన్ ఒకటుందని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దాని పేరు ఫ్లూక్, బ్యాక్టీరియాలో ఉంటుంది. రెండు ముక్కలు తలకిందులుగా జతకట్టి పనిచేస్తాయి, రెండూ కలిపినా 30 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలిచే లెక్క) చుట్టే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఇంత చిన్నది దొరకబుచ్చుకోవడం కష్టం. 2015లో దాని ఆకారం బయటపడింది క్రిస్టల్స్‌తోనే, అదీ మోనోబాడీలనే చిన్న ప్రోటీన్లను అతికించి క్రిస్టల్ కట్టేలా బుజ్జగించి. (దీనితో మన ఊళ్లలో ఎముకల జబ్బుకు మందొస్తుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇది బ్యాక్టీరియా ప్రోటీన్. మనకు మందు మంచినీళ్లే.)

రెండూ పొర ప్రోటీన్లే, రెండూ అయాన్లకు దారిచ్చేవే. అయినా ఒకటి ఆ దారిలో తేలింది, ఒకటి ఈ దారిలో. ఎందుకో తెలిస్తే మీ శాంపిల్‌కు ఏది పనికొస్తుందో మీరే చెప్పుకోగలరు.

## ఏవి చూసుకుని తేల్చుకోవాలి

సైజు. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఎస్‌డీఎస్ జెల్ (ప్రోటీన్లను సబ్బులాంటి ఎస్‌డీఎస్‌తో విప్పి సైజు ప్రకారం విడదీసే పరీక్ష) మీద కనిపించే సైజు ఒక్క ముక్కది. ట్యూబులో అది జంటగా ఉందో, ఆరుగురు చేతులు పట్టుకుని తిరుగుతున్నారో జెల్ చెప్పదు, ఎందుకంటే ఎస్‌డీఎస్ వాళ్లను విడగొట్టేస్తుంది. సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ (విడగొట్టకుండానే సైజు ప్రకారం వేరుచేసే గొట్టం) మీద ఎక్కడ బయటికొచ్చిందో ఆ అంకె పట్టుకురండి.

శుభ్రత, ఒకేతనం. జెల్ మీద ఒకే బ్యాండ్ ఉంటే శుభ్రంగా ఉన్నట్టే. అన్నీ ఒకే ఆకారంలో ఉన్నాయా అన్నది వేరే లెక్క.

ఎంత వివరం కావాలి? ఇది నిజాయితీగా అడుక్కోవాల్సిన ప్రశ్న. అంకె తగ్గేకొద్దీ వివరం పెరుగుతుంది. 8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర హెలిక్స్‌లు (ప్రోటీన్‌లోని స్ప్రింగు మెలికలు) కర్రల్లా కనిపిస్తాయి. 3.5 దగ్గర అమైనో ఆమ్లాల పక్క గుంపులు పోల్చుకోవచ్చు. 2.5 దగ్గర నీటి అణువులు కూడా. 2020లో ఏపోఫెరిటిన్‌ను 1.2 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టూ తెచ్చి పరమాణువులు విడివిడిగా చూపించారు, కానీ అది రాయిలా గట్టిగా, సమానంగా ఉండే ప్రోటీన్. ఈ రంగంలో అందరూ మిషన్ పరీక్షించుకునేది దానితోనే, దాన్ని చూసి మీ ఎంజైమ్‌తో పోల్చుకుని బాధపడొద్దు. "నా ప్రోటీన్ రింగులా ఉందా, ముద్దలా ఉందా" అన్నదే మీ ప్రశ్న అయితే 20 ఆంగ్‌స్ట్రామ్‌లు చాలు.

ఆ తర్వాత డబ్బు, టైమ్, మీ చేతిలో ఉన్న మిల్లీగ్రాములు.

| పద్ధతి | ఏ సైజుకు | ఎంత శాంపిల్ | ఎంత వివరం | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| నెగటివ్ స్టెయిన్ | 100 కిలోడాల్టన్లు దాటితే హాయి | 3 మైక్రోలీటర్లు, మిల్లీలీటర్‌కు 0.01–0.1 మిల్లీగ్రాములు | 15–20 ఆంగ్‌స్ట్రామ్‌లు, బయటి ఆకారం | ఎండిపోయి చదునవుతుంది |
| క్రయో ఈఎమ్, సింగిల్ పార్టికల్ | 100 పైన హాయి, 60 దగ్గర చెమటలు | గ్రిడ్‌కు 3 మైక్రోలీటర్లు, మిల్లీలీటర్‌కు 0.5–5 మిల్లీగ్రాములు | మామూలుగా 2–4 ఆంగ్‌స్ట్రామ్‌లు | అన్నీ ఒకే వైపు తిరిగి కూర్చుంటాయి |
| ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీ | సైజుతో పేచీ లేదు | కొన్ని మిల్లీగ్రాములు, గాఢంగా | మామూలుగా 1.5–3 ఆంగ్‌స్ట్రామ్‌లు | క్రిస్టలే రాదు |
| ఎన్ఎంఆర్ | 30 లోపు | కొన్ని మిల్లీగ్రాములు, ఐసోటోప్‌లతో పెంచినది | కదలికలతో సహా | సైజు పెరిగితే సిగ్నళ్లు కలగాపులగం |
| క్రయో టోమోగ్రఫీ | జీవకణం లోపలి పెద్ద యంత్రాలు | జీవకణాలే | పదుల ఆంగ్‌స్ట్రామ్‌లు, సగటు తీస్తే మెరుగు | మందం |
| మైక్రో ఈడీ | మందు అణువులు, చిట్టి క్రిస్టళ్లు | రవ్వంత పొడి | 1 ఆంగ్‌స్ట్రామ్ దాకా | క్రిస్టల్ లావైతే ఎలక్ట్రాన్లు దాటవు |

## నెగటివ్ స్టెయిన్: ఎవరూ గొప్పగా చెప్పుకోరు, నేను మాత్రం ఇక్కడే మొదలుపెట్టమంటా

1959లో బ్రెనర్, హోర్న్ రాసిపెట్టిన పద్ధతి. ఇప్పటికీ దీన్ని మించిన చవక పరీక్ష లేదు.

గ్రిడ్ అంటే 3 మిల్లీమీటర్ల రాగి జాలీ, చొక్కా గుండీలో పావు వంతు కూడా ఉండదు. దాని మీద పల్చటి కార్బన్ పొర. ముందు గ్లో డిశ్చార్జ్ మిషన్‌లో అరనిమిషం పెట్టాలి, లేకపోతే తామరాకు మీద నీటిబొట్టులా చుక్క జారి ముడుచుకుంటుంది. ట్వీజర్‌తో అంచు పట్టుకుని 3 మైక్రోలీటర్ల చుక్క వేస్తారు. ఒక నిమిషం ఆగుతారు. ఫిల్టర్ పేపర్ అంచును పక్కనుంచి అలా తాకిస్తే చుక్క పేపర్‌లోకి పాకిపోతుంది. నీళ్లతో ఒకటి రెండుసార్లు కడిగి, యురనైల్ అసిటేట్ చుక్క వేసి, మళ్లీ పేపర్‌తో లాగేసి ఆరబెడతారు. అంతా కలిపి ఐదు నిమిషాల పని. చేతిని గోడకు ఆనించి చుట్టూ రంగు చల్లితే చేయి ఆకారం మిగిలినట్టు, లోహపు ఉప్పు ప్రోటీన్ చుట్టూ చేరి ఎండిపోతుంది. మామూలు 120 కిలోవోల్ట్‌ల మైక్రోస్కోప్‌లోనే నల్లటి నేల మీద తెల్లటి మచ్చలుగా ప్రోటీన్లు కనిపిస్తాయి. ఫాస్ఫేట్ బఫర్ (ప్రోటీన్‌ను కరిగించి ఉంచే ద్రావణం) మాత్రం వాడొద్దు, యురనైల్‌తో కలిసి గసగసలు చల్లినట్టు పడుతుంది. యురనైల్ విషం, కొద్దిపాటి రేడియోధార్మికత కూడా ఉంటుంది, సింక్‌లో పోయకండి.

ఐకేపీ సెంటర్‌కు వడ్లు తీసుకెళ్తే తేమ, తాలు చూడకుండా కాంటా పెడతారా? ఇదీ అంతే. పార్టికల్స్ విడివిడిగా ఉన్నాయా, గుంపులు కట్టాయా, సగం విరిగిపోయాయా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, అంతా ఒక్క పూటలో తేలిపోతుంది.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా సొంత దెబ్బ. మొదటిసారి క్రయో స్లాట్ దొరికినప్పుడు నెగటివ్ స్టెయిన్ అంటే టైమ్ వేస్ట్ అనుకున్నాం (ల్యాబ్ పేరు ఎందుకులెండి). థర్మకోల్ డబ్బాలో ఐసు, ఐసులో ట్యూబు, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని రాత్రి బస్సులో కూర్చున్నా. జడ్చర్ల దాటేదాకా మూత తీసి చూస్తూనే ఉన్నా ఐసు కరిగిందేమోనని. తీరా గ్రిడ్లు గడ్డకట్టించి లోపల పెడితే తెరమీద అంతా బూడిద రంగు పొగమంచు, ఒక్క పార్టికల్ కనిపిస్తే ఒట్టు. ఫ్రీజర్‌లో పాడవకుండా ఉండాలని బఫర్‌లో 10 శాతం గ్లిజరాల్ వేసి పెట్టాం, తీయడం మరిచిపోయాం. గ్లిజరాల్ ఉంటే ప్రోటీన్‌కూ చుట్టూ ఉన్న ద్రవానికీ తేడా తగ్గిపోయి కాంట్రాస్ట్ పడిపోతుంది. కాలమ్‌లో ఇంకోసారి పంపిస్తే పోయేదానికి నెలల తరబడి ఎదురుచూసిన స్లాట్ పోయింది. అన్యాయమేమిటంటే నెగటివ్ స్టెయిన్‌లో గ్లిజరాల్ అంతగా అడ్డు రాదు, నీళ్లతో కడిగినప్పుడు పోతుంది, కాబట్టి ఆ పరీక్ష చేసినా ఇది దొరికేది కాదేమో. కానీ అదే ట్యూబు తర్వాత స్టెయిన్ చేసి చూస్తే సగం ప్రోటీన్ ముద్ద కట్టి ఉంది. అది మాత్రం ఐదు నిమిషాల్లో తెలిసేది.

## క్రయో ఈఎమ్: ఏమిస్తుంది, ఏమడుగుతుంది

టమాటను డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే మెత్తగా పేస్టులా అవుతుంది గదా, లోపల మంచు ముక్కలు పెరిగి కణాలను చీల్చేస్తాయి. ప్రోటీన్‌కూ అదే జరుగుతుంది. మంచు స్ఫటికం కట్టేలోపే నీళ్లు గాజులా బిగుసుకుపోవాలి. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలే, కానీ అందులో నేరుగా ముంచితే కాలిన పెనం మీద నీటిచుక్క ఆవిరి మీద తేలి ఆడినట్టు చుట్టూ గ్యాసు పొర కట్టి, చల్లదనం లోపలికి తగలదు. అందుకే నైట్రోజన్‌తో చల్లబరిచిన ద్రవ ఈథేన్‌లో ముంచుతారు. 1980ల మొదట్లో డుబొషే బృందం తేల్చిన కిటుకు ఇది.

గ్రిడ్ మీది కార్బన్‌కు ఒక్కోటి మైక్రాన్ పైచిలుకు ఉండే చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లో పల్చటి మంచు తెర, తెరలో మీ ప్రోటీన్లు తలోవైపు తిరిగి ఇరుక్కుని. 300 కిలోవోల్ట్‌ల దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.02 ఆంగ్‌స్ట్రామ్‌లే, అంటే పరమాణువులు చూడటానికి కావలసినంత కంటే ఎక్కువ. మరి ఒక్క ఫోటో తీస్తే పోదా? పోదు. అంత వెలుతురు పోస్తే ప్రోటీన్ మాడిపోతుంది. అందుకని చాలా తక్కువ ఎలక్ట్రాన్లతో తీస్తారు, చిత్రం నిండా నాయిసే, టీవీ తెరమీది చుక్కల్లా.

ఇక్కడ పోచంపల్లి చీర గుర్తు తెచ్చుకోండి. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరలో ఒక్క గడి చూస్తే డిజైన్ ఏమిటో తెలియదు. అదే గడి చీరంతా వందసార్లు ఉంటుంది కాబట్టి, ఆ వందా ఒకదాని మీద ఒకటి పెట్టి సగటు తీస్తే అసలు డిజైన్ తేలుతుంది. క్రయో ఈఎమ్ చేసేదీ అదే, వందకు బదులు లక్షలతో. వేల చిత్రాలు, లక్షల పార్టికల్స్, టెరాబైట్ల డేటా. కంప్యూటర్ వాటిని ఒకేలా ఉన్నవాటిని ఒకచోట చేర్చి, తాలు ఏరేసి, ఏది ఏ వైపు తిరిగి ఉందో లెక్కగట్టి మూడు కొలతల్లోకి తెస్తుంది. 2012 తర్వాత ఎలక్ట్రాన్లను నేరుగా లెక్కపెట్టే డిటెక్టర్లు వచ్చాకే ఇదంతా సాధ్యమైంది. అంతకుముందు ఇదే పనిని ఎగతాళిగా ముద్దల శాస్త్రం అనేవాళ్లు.

గడులన్నీ ఒకటే అయితేనే ఈ కిటుకు పారుతుంది. మీ ప్రోటీన్‌లో ఒక చేయి ఊగుతూ ఉంటే ఆ చేయి మసకైపోతుంది. కొన్నిసార్లు అదే వరం, వేర్వేరు భంగిమలను వేర్వేరు గుంపులుగా తీసి అణువు ఎలా కదులుతుందో చూపించవచ్చు, క్రిస్టల్‌లో అది కుదరదు.

ఇంకో తలనొప్పి, నన్నడిగితే అసలు తలనొప్పి, పార్టికల్స్ అన్నీ ఒకే వైపు తిరిగి కూర్చోవడం. బతుకమ్మను పైనుంచి మాత్రమే ఫోటోలు తీశారనుకోండి. మీద గౌరమ్మ, చుట్టూ తంగేడు, గునుగు వరసలు గుండ్రంగా బ్రహ్మాండంగా కనిపిస్తాయి, కానీ బతుకమ్మ మోకాలెత్తు ఉందా మనిషెత్తు ఉందా ఎవడూ చెప్పలేడు. పల్చటి నీటి తెరలో ప్రోటీన్ గాలి తగిలే అంచుకు పోయి ఒకే వైపు అతుక్కుంటే అచ్చం ఇదే పరిస్థితి. పది లక్షల పార్టికల్స్ ఉన్నా లాభం లేదు. కొద్దిగా డిటర్జెంట్ కలపడం, గ్రిడ్ మార్చడం, స్టేజీని వంచి తీయడం, ఇవన్నీ చేస్తారు. ఏది పారుతుందో ముందు చెప్పగలిగే మొనగాడు నాకింతవరకు తగల్లేదు.

చిన్న ప్రోటీన్లు ఎందుకు కష్టమో ఇప్పటికే అర్థమై ఉంటుంది: ఆ నాయిస్‌లో అది ఏ వైపు తిరిగిందో కంప్యూటర్‌కే తెలియదు. హీమోగ్లోబిన్, 64 కిలోడాల్టన్లు, 2017లో 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లకు వచ్చింది, కానీ దానికి ఫేజ్ ప్లేట్ అనే అదనపు సరంజామా పెట్టారు. యాంటీబాడీ ముక్కలు అతికించి సైజు పెంచడం ఇంకో దారి.

డబ్బు సంగతి. పెద్ద మిషన్ల ధర కోట్లలో, కాబట్టి కొనడం గురించి మాట్లాడటం లేదు. బెంగళూరు ఎన్‌సీబీఎస్ ప్రాంగణంలో జాతీయ క్రయో ఈఎమ్ ఫెసిలిటీ ఉంది, బయటివాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ నెగటివ్ స్టెయిన్ చిత్రాలు, కాలమ్ ప్రొఫైల్ దరఖాస్తుకు జత చేయండి, ఎవరైనా ముందు చూసేది అవే.

## ఎక్స్‌రే: పాతది, కానీ తీసిపారేయకండి

ప్రోటీన్ నిర్మాణాలన్నీ దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో మొదలైంది. ఈరోజు అందులో ఉన్న రెండు లక్షల పైచిలుకు నిర్మాణాల్లో అత్యధికం ఎక్స్‌రేవే. మద్రాసులో కూర్చుని జి.ఎన్. రామచంద్రన్ 1963లో గీసిన పటంతోనే (ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో చెప్పేది) ఇప్పటికీ ప్రతి కొత్త నిర్మాణాన్నీ, క్రయో ఈఎమ్‌దైనా సరే, సరిచూస్తారు.

మూత మీద ఒక మైక్రోలీటర్ ప్రోటీన్, ఒక మైక్రోలీటర్ ద్రావణం కలిపి చుక్కను తలకిందులుగా వేలాడదీసి, గ్రీజుతో సీలు చేసి, రోజూ తొంగిచూడటం. అదృష్టముంటే వారంలో వస్తుంది, లేకపోతే రెండేళ్లైనా రాదు. మెరిసే క్రిస్టల్ దొరికిందని స్వీట్లు పంచాక అది ఉప్పు అని తేలడం ఈ ఫీల్డులో అందరికీ ఒక్కసారైనా జరుగుతుంది.

కానీ ఒకసారి క్రిస్టల్ కుదిరిందా, దీనంత వేగం ఇంకెక్కడా లేదు. ఇరవై మందు అణువులు మార్చి మార్చి ఎంజైమ్‌లో ఎక్కడ కూర్చుంటున్నాయో చూడాలంటే నా ఓటు దీనికే. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) ప్రోటీన్ క్రిస్టల్స్‌కు ప్రత్యేకంగా బీమ్‌లైన్, అంటే ఎక్స్‌రే దారి ఉంది. 50 కిలోడాల్టన్ల లోపు, గట్టిగా ఉండే ఎంజైమ్ చేతిలో ఉండి కూడా క్రయో ఈఎమ్ అంటూ పరేషాన్ అయ్యేవాళ్లను చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది.

ఎన్ఎంఆర్ (బలమైన అయస్కాంతంలో పరమాణువుల సిగ్నళ్లు చదివే పద్ధతి) గురించి రెండు ముక్కలు చాలు. 20 కిలోడాల్టన్ల చుట్టూ ఉండి, మెలికలు తిరుగుతూ, క్రిస్టల్‌కు లొంగనిదైతే ఇదే దారి. బ్యాక్టీరియాను నైట్రోజన్-15, కార్బన్-13 పెట్టి పెంచాలి, ఆ గ్లూకోజ్ ధర చూస్తే గుండె ఆగుతుంది. గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ వాళ్లున్నారు, అడగండి.

## టోమోగ్రఫీ: ప్రోటీన్‌ను ఇంట్లోంచి బయటికి లాగకుండా

డయాగ్నస్టిక్ సెంటర్‌లో సీటీ స్కాన్ చూశారు గదా, అదే సూత్రం. ఇక్కడ మిషన్ తిరగదు, శాంపిలే వంగుతుంది, ఆ పక్క 60 డిగ్రీలు, ఈ పక్క 60. అంతకంటే వంచితే ఎలక్ట్రాన్లు దాటాల్సిన మందం పెరిగిపోతుంది, కాబట్టి కొంత కోణం సమాచారం ఎప్పటికీ రాదు. మామూలు జీవకణం కూడా మందమే, అయాన్ల పుంజాన్నే కత్తిగా వాడి 100–200 నానోమీటర్ల పలక మిగిలేలా చెక్కాలి. రైబోజోమ్‌లాంటి పెద్ద యంత్రాన్ని బ్యాక్టీరియా కణం లోపలే 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లకు చూపించినవాళ్లున్నారు, కానీ అది ప్రపంచంలో కొద్దిమంది చేయగలిగిన పని. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో దీని జోలికి పోవద్దు. గైడ్‌కు ఇందులో అనుభవం ఉంటే అది వేరే మాట.

## పోలేపల్లి దోస్తులకు

మీ చేతిలో ఉన్నది ప్రోటీన్ కాదు, మందు పొడి. ఇంప్యూరిటీ ఏమిటో, పాలిమార్ఫ్ (అదే మందు ఏ తీరులో క్రిస్టల్ కట్టిందో) ఏదో తేలాలి, ఎక్స్‌రేకు సరిపడా క్రిస్టల్ పెరగడం లేదు. మీకు కావలసింది మైక్రో ఈడీ, అంటే చిట్టి క్రిస్టళ్ల మీద ఎలక్ట్రాన్లు చెదిరే తీరు చూసే పద్ధతి. 2013లో టామిర్ గోనెన్ బృందం దీన్ని ప్రోటీన్ చిట్టి క్రిస్టళ్ల మీద చూపించింది. 2018లో రెండు వేర్వేరు బృందాలు మందు పొడినే గ్రిడ్ మీద చల్లి, పారాసెటమాల్‌లాంటి అణువుల నిర్మాణం తీశాయి. ఎలక్ట్రాన్లు పదార్థంతో ఎక్స్‌రేల కంటే ఎన్నో రెట్లు గట్టిగా ఢీకొంటాయి, అందుకే మైక్రాన్‌లో భాగమంత క్రిస్టల్ కూడా చాలు. ఎడమ చేతి అణువా కుడి చేతి అణువా అన్నది తేల్చడం మాత్రం ఇందులో ఎక్స్‌రేలో ఉన్నంత సులువు కాదు. రోజువారీ బ్యాచ్ పరీక్షకు పౌడర్ ఎక్స్‌రేనే ఉంచుకోండి.

## ఖర్చు లేని పని ముందు

ఏ శాంపిల్ అయినా, మిషన్ గురించి ఆలోచించే ముందు ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించే ఏఐ) డేటాబేస్‌లో మీ ప్రోటీన్ చూసుకోండి. 2022 నుంచి 20 కోట్లకు పైగా ఊహా నిర్మాణాలు ఉచితంగా ఉన్నాయి. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దీనికే. నమ్మకం స్కోరు (వందకు) 90 పైన ఉన్న భాగం మీద ధీమాగా ఉండొచ్చు, 50 లోపు ఉన్నది సేమ్యాలా చెల్లాచెదురుగా కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. మీ ప్రశ్నకు అక్కడే జవాబు దొరికితే ప్రాజెక్టు ఇంకోదానికి మార్చుకోవచ్చు, అందులో సిగ్గేం లేదు.

ఒక్క జాగ్రత్త. ఆ మోడల్‌ను పూర్తి వివరంతో తీసుకెళ్లి క్రయో డేటాకు నమూనాగా ఇవ్వకండి. ఉత్త నాయిస్ ఉన్న వెయ్యి చిత్రాలకు ఐన్‌స్టీన్ ఫోటో నమూనాగా ఇచ్చి సగటు తీస్తే ఐన్‌స్టీన్ ముఖమే వస్తుందని చేసి చూపించారు. మీరు చూడాలనుకున్నదే కంప్యూటర్ మీకు చూపిస్తుంది. నమూనా ఇవ్వాల్సి వస్తే బాగా మసకబార్చి ఇవ్వాలి.

## మరి మీరెవరు?

పీజీ అయిపోయి చేతిలో శాంపిలే లేనివాళ్లు మిషన్ కోసం ఆగక్కర్లేదు. ఎంపయర్ అనే బహిరంగ భాండాగారంలో ఇతరులు తీసిన అసలు క్రయో డేటా ఉంది, ఆ డేటాను లెక్కగట్టే రెలియాన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని ట్యుటోరియల్‌లో బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ డేటా మొదటి నుంచి చివరిదాకా చేయిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఒకటి కావాలి, అది సంపాదించడమే కష్టం. ఇది చేసొచ్చిన పిల్లలకు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

పెద్ద కాంప్లెక్స్, పొర ప్రోటీన్, వైరస్, మెదడులో పేరుకునే పోగులు ఉన్నవాళ్లు స్టెయిన్ చేసి నేరుగా క్రయోకు వెళ్లండి. 2017లో అల్జీమర్స్ రోగి మెదడులోని టావ్ అనే ప్రోటీన్ పోగులు ఈ దారిలోనే తేలాయి. చిన్న గట్టి ఎంజైమ్, మందు అణువుల వేట అయితే క్రిస్టల్. ఒక ఏడాది ప్రయత్నించి క్రిస్టల్ రాకపోతే అప్పుడు యాంటీబాడీ ముక్కలు అతికించి క్రయో గురించి ఆలోచించవచ్చు.

రెండింటి మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువగా ఫోన్ చేసేది. మొన్న దేవరకొండ నుంచి ఒక చెల్లె చేసింది. జెల్ మీద 35 కిలోడాల్టన్లు, గైడ్ ఏమో క్రిస్టల్ పెట్టమంటున్నారు, ఆరు నెలలుగా ఉప్పు తప్ప ఏమీ రావట్లేదని ఏడుపు ఒక్కటే తక్కువ. కాలమ్ మీద ఎక్కడొచ్చిందో పంపమన్నా. చూస్తే 210 దగ్గర ఉంది. ఆరు ముక్కలు కలిసి తిరుగుతున్నాయన్నమాట, బహుశా రింగులా. వచ్చే మంగళవారం నెగటివ్ స్టెయిన్‌కు స్లాట్ దొరికింది. సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి గ్లిజరాల్ తీసిందా లేదా అడగాలి.